పట్టేసిన బోల్టు

వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద మరిపెడ ఉంది. లారీల వాళ్లు, బస్సుల వాళ్లు దీన్ని మరిపెడ బంగ్లా అంటారు. 2016 దాకా ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇలాంటి రోడ్డు పక్క ఊళ్లలో బండ్లు బాగుచేసే షెడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఇంజిను గురించి మీకేమీ తెలియకపోయినా సరే, ఒక్క మాట మాత్రం మీ చెవిన పడి తీరుతుంది: "పట్టేసింది!"

పట్టేసింది బోల్టు.

"ఉస్తాద్, ఇది తిరుగుత లేదు" అంటాడు పని నేర్చుకుంటున్న కుర్రవాడు, రెండు చేతులతో పానాకు వేలాడుతూ.

"ఆగురా, జోరు చెయ్యకు. తల ఊడిందంటే పొద్దుమూకే దాక దీనికే సరిపోతది" అంటాడు ఉస్తాద్. వచ్చి, కాస్త నూనె పోసి, సుత్తితో నాలుగు దెబ్బలు తగిలించి, వేరే బండి దగ్గరికి వెళ్లిపోతాడు. చూసేవాళ్లకు ఆయన పని తప్పించుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అసలు పని అప్పుడే మొదలయింది.

మీ సైన్సు పుస్తకంలో వేరువేరు చోట్ల చదివే పాఠాలు ఎన్నో ఈ వేలెడంత ఇనుప ముక్కలో ఒకచోట చేరి ఉన్నాయి. వాలుతలం, ఘర్షణ, తుప్పు పట్టడం, వ్యాకోచం, కేశనాళికీయత, భ్రామకం. అవి ఎలా పనిచేస్తాయో తెలిసిన మెకానిక్కు బోల్టును విప్పుతాడు. తెలియనివాడు విరగ్గొడతాడు.

విరిగితే ఏమవుతుంది? ఒక పాత అంబాసిడర్ టాక్సీని తీసుకుందాం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో ఈ కారును 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసింది. తయారీ ఆగిపోయినా, శ్రద్ధగా చూసుకునేవాళ్ల దగ్గర ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి. అలాంటి కారుకు సైలెన్సర్ గొట్టం మార్చాలి. నట్లు సులువుగా వస్తే గంటలోపు పని. కాని ఇంజిను వైపు స్టడ్డు ఒకటి విరిగి లోపలే ఉండిపోయిందనుకోండి. ఆ పోత ఇనుప భాగాన్ని మొత్తంగా విప్పి లేతు మిషను దాకా మోసుకుపోవాలి. గంట పని రెండు రోజులవుతుంది. ఆ రెండు రోజులూ టాక్సీవాలాకు కిరాయి లేదు. తప్పు బోల్టుది కాకపోయినా నష్టం మాత్రం అతనిదే.

చుట్టిన వాలుతలం

బోల్టు ఎందుకు పట్టేస్తుందో తెలియాలంటే అసలు ఎలా పట్టుకుంటుందో ముందు తెలియాలి. ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించండి. దాన్ని పెన్సిలు చుట్టూ చుట్టండి. త్రిభుజం ఏటవాలు అంచు పెన్సిలు మీద మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అదే మర. బోల్టు మీది మరచుట్లు, మెకానిక్కుల మాటలో థ్రెడ్లు, కడ్డీ చుట్టూ చుట్టిన వాలుతలం తప్ప మరేమీ కాదు.

8 మిల్లీమీటర్ల మామూలు బోల్టును చూద్దాం. ఒక పూర్తి చుట్టు తిప్పితే నట్టు 1.25 మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు జరుగుతుంది. ఆ చుట్టులో మర వెంట అది నడిచే దూరం సుమారు 22.5 మిల్లీమీటర్లు. అంటే 18 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు ఎక్కే వాలు. కోణంలో చెప్పాలంటే 3 డిగ్రీలు. ఉక్కు పలక మీద ఉక్కు ముక్కను పెట్టి పలకను మెల్లగా ఎత్తండి. మామూలుగా 8 డిగ్రీల దాకా ఎత్తితే గాని ముక్క జారదు. కాబట్టి 3 డిగ్రీల వాలు మీద కూర్చున్న నట్టు ఎంత బరువు పడినా తనంతట తాను వెనక్కి జారదు. ఘర్షణ దాన్ని ఆపి ఉంచుతుంది.

బిగించినప్పుడు ఇంకొక వింత జరుగుతుంది. బోల్టు సాగుతుంది! కంటికి కనిపించేంత కాదు, ఒక మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. సాగిన స్ప్రింగులాగా అది వెనక్కి లాక్కుంటూ రెండు భాగాలనూ అదిమి పట్టుకుంటుంది. మనం పానా మీద పెట్టే శ్రమలో సుమారు పదో వంతు మాత్రమే ఈ సాగదీతకు ఉపయోగపడుతుంది. దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికీ, మిగిలింది మరచుట్ల మధ్య రాపిడికీ పోతుంది. నూటికి తొంభై పాళ్లు ఘర్షణకే! కొత్త బోల్టు సంగతే ఇది. ఇక పాత బోల్టు సంగతి ఊహించండి.

తుప్పుకు చోటు చాలదు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఇది మీకు తెలిసిందే. అయితే తుప్పుగా మారిన ఇనుము ముందుకంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని గమనించారా? పాత కిటికీ ఊచల మొదట్లో సిమెంటు పగిలిపోవడం చూసే ఉంటారు. ఉబ్బిన తుప్పు చేసిన పనే అది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఖాళీ వెంట్రుక వాసి. అక్కడ పుట్టిన తుప్పుకు పెరగడానికి చోటు లేదు. కొయ్యలో దిగ్గొట్టిన మేకులాగా అది రెండింటినీ బిగించేస్తుంది.

వానాకాలంలో బురద చిమ్మే చోట, బ్యాటరీ ఆసిడ్ పొగలు తగిలే చోట ఇది తొందరగా జరుగుతుంది. సైలెన్సర్ దగ్గర అయితే చెప్పనక్కర లేదు. వందల డిగ్రీల వేడి, మళ్లీ చల్లబడడం, మళ్లీ వేడి. అందుకే అక్కడ ఇత్తడి నట్లు వేసే అలవాటు ఉండేది. ఇత్తడికి తుప్పు పట్టదు. ఉక్కు స్టడ్డుతో అతుక్కుపోదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఇత్తడి నట్ల స్థానంలో దొరికిన ఇనుప నట్టు ఏదో ఒకటి కనిపిస్తుంది.

అల్యూమినియంలో దిగిన ఉక్కు బోల్టుది వేరే కథ. రెండు వేరువేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న విద్యుత్ ఘటమే. అందులో అల్యూమినియం కరిగిపోతూ తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి కూడా ఎక్కువ చోటు కోరుతుంది.

కొలత తప్పితే

నన్నడిగితే, పాత కార్లలో తుప్పు పాడుచేసిన బోల్టుల కంటే సరిపడని పానా పాడుచేసిన బోల్టులే ఎక్కువ అంటాను. దీనికొక చరిత్ర ఉంది.

ఒకప్పుడు ప్రతి కార్ఖానాకూ దాని సొంత మరలు ఉండేవి. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు మరలకు ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు. అమెరికా 1864లో మొదలుపెట్టి 60 డిగ్రీల దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల యంత్రాలు ఒకదాని నట్లు మరొకదానికి సరిపడక నానా ఇబ్బంది పడ్డాయి. చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే అంగుళాల ప్రమాణానికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత ప్రపంచం చాలావరకు మిల్లీమీటర్లకు మారింది.

ఈ చరిత్ర అంతా మన రోడ్ల మీద నడిచింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పుడు వచ్చినవి స్కాట్లండులో తయారైన అల్బియాన్ బస్సులు. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ కుటుంబపు మరలే ఉండేవి. తర్వాత వచ్చిన అంబాసిడర్ అంగుళాల బండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మిల్లీమీటర్ల బండి. అంబాసిడర్‌లోనే 1990లలో జపాను ఇసుజు నమూనా ఇంజిన్లు వచ్చాయి. దాంతో ఒకే కారులో రెండు రకాల కొలతలు చేరాయి.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మెకానిక్కు చేతిలో ఉన్నది 13 పానా. అది ఎక్కుతుంది, కాని 0.3 మిల్లీమీటర్లు వదులు. 9/16 అంగుళం అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 పానా ఎక్కదు, 15 పానా బాగా వదులు. వదులు పానా తలలోని చదును భాగాలను పట్టుకోదు, మూలలను మాత్రమే పట్టుకుంటుంది. గట్టిగా లాగితే మూలలు అరిగి ఆరు పలకల తల గుండ్రమవుతుంది. ఇక పానాకు పట్టు ఏది? అదే 3/4 అంగుళానికి 19 పానా చక్కగా సరిపోతుంది. తేడా 0.05 మిల్లీమీటరే.

మరలది ఇంకా మోసం. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. పక్కన 8 మిల్లీమీటర్ల బోల్టు పెడితే ఎవరికీ తేడా తెలియదు. కాని మొదటిదానిలో సన్న మర రకానికి అంగుళానికి 24 చుట్లు, రెండోదానికి 20 మాత్రమే. ఒకదాని నట్టును రెండోదానికి బలవంతంగా ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. "ఇంకొంచెం బిగిస్తే పోతది" అని తిప్పారో, రెండింటి మరలూ కొట్టుకుపోతాయి.

బలానికి హద్దు

తిరగని బోల్టుకు పొడుగు పైపు తొడగడం అందరూ చేసేదే. ఆర్కిమిడిస్ తులాదండ సూత్రం ఎవరికి తెలియదు! అయితే ఆ సూత్రం బోల్టుకు కూడా వర్తిస్తుంది.

15 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలం పెడితే తిప్పే భ్రామకం 3 కిలోగ్రామ్-మీటర్లు. మంచి ఉక్కుతో చేసిన 8 మిల్లీమీటర్ల బోల్టును బిగించడానికి సుమారు రెండున్నర చాలు. అదే బోల్టు మూడున్నరకు అటూ ఇటూగా మెలి తిరిగి విరుగుతుంది. ఇప్పుడు 60 సెంటీమీటర్ల పైపు తొడిగి అదే 20 కిలోల బలం పెట్టండి. 12 కిలోగ్రామ్-మీటర్లు! పట్టు వదలకపోతే బోల్టు మెడ తెగక తప్పదు. చిన్న పానా పొట్టిగా, పెద్ద పానా పొడుగ్గా ఎందుకు చేస్తారో ఇప్పుడు అర్థమైందా? మెలికను తట్టుకునే శక్తి మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు 6 మిల్లీమీటర్ల దానికంటే రెండింతలు కాదు, ఎనిమిదింతలు తట్టుకుంటుంది. చక్రం నట్టుకు పైపు తొడగడం చెల్లుతుంది. చిన్న బోల్టుకు చెల్లదు.

కాబట్టి తెలివైన మెకానిక్కు బలం పెంచడు, ఘర్షణను తగ్గిస్తాడు.

ముందు తీగల బ్రష్షుతో బయట కనిపించే మరచుట్లను శుభ్రం చేస్తాడు. ఇది చెయ్యకపోతే విప్పేటప్పుడు నట్టు ఆ మట్టిలోనే మళ్లీ ఇరుక్కుంటుంది. తర్వాత పలుచటి నూనె. గ్రీజు లాంటి చిక్కనిది పనికిరాదు. కిరసనాయిలులో ఇంజిను ఆయిలు కలిపి వాడేవాళ్లున్నారు. డబ్బాల్లో దొరికే చొరబాటు నూనెలున్నాయి. (వాటి పక్కనే కనిపించే డబ్ల్యూడీ-40 డబ్బా 1953లో అమెరికాలో రాకెట్లకు తుప్పు పట్టకుండా నీటిని తరిమే మందుగా పుట్టింది. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నమని.) దీపం వత్తిలోకి నూనె పాకినట్టే సన్నటి సందుల్లోకి నూనె తనంతట తాను పాకుతుంది. అదే కేశనాళికీయత. కాని దానికి సమయం కావాలి. ఉస్తాద్ వేరే బండి దగ్గరికి వెళ్లింది అందుకే. బాగా పట్టేసిన బోల్టుకు సాయంత్రం పోసి పొద్దున విప్పడం మేలు.

సుత్తి దెబ్బలెందుకు? తుప్పు పెళుసు పదార్థం. ఉక్కు తట్టుకునే దెబ్బకు తుప్పు చిట్లుతుంది. చిట్లిన చోట నూనెకు దారి దొరుకుతుంది. బోల్టు తల మీద నిటారుగా, గట్టిగా కాక చురుగ్గా కొట్టాలి.

ఆ తర్వాత చేసే పని కొత్తవాళ్లకు తలకిందులుగా తోస్తుంది. విప్పే ముందు కొంచెం బిగిస్తారు! కొద్దిగా కదిలితే చాలు, తుప్పు పట్టు తెగుతుంది. ఆపైన అటు పావు, ఇటు పావు తిప్పుతూ, నూనె వేస్తూ బయటికి తెస్తారు. ఒకేసారి విప్పుకుంటూ పోతే రాలిన తుప్పు పొడి మరల్లో చేరి మళ్లీ బిగుసుకుంటుంది. దిక్కును కూడా ఒకసారి చూసుకోవాలి సుమా! మీ సైకిలు ఎడమ పెడలు ఎడమ మరది. కొన్ని పాత లారీల్లో ఎడమ చక్రాల నట్లు కూడా అంతే. వాటిని విప్పుతున్నామనుకుని బిగించినవాళ్లు లేకపోలేదు.

బండి చక్రం నేర్పిన పాఠం

ఇవేవీ పనిచేయకపోతే వేడి. ఇక్కడ చాలామంది విద్యార్థులకు ఒక అనుమానం వస్తుంది. నట్టును వేడిచేస్తే ఇనుము వ్యాకోచించి మధ్య రంధ్రం ఇంకా చిన్నదవుతుంది కదా? కాదు. దీనికి జవాబు మన కమ్మరి ఏనాడో చెప్పాడు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు, చక్రం కంటే కాస్త చిన్నదైన పట్టాను మంటలో ఎర్రగా కాలుస్తాడు. అది పెద్దదై చక్రం మీదికి దిగుతుంది. నీళ్లు చల్లగానే కుంచించుకుని చెక్కను బిగబట్టుకుంటుంది. రంధ్రం ఉన్న వస్తువు వేడెక్కితే రంధ్రమూ పెరుగుతుంది.

8 మిల్లీమీటర్ల నట్టును 300 డిగ్రీలు వేడిచేస్తే రంధ్రం 0.03 మిల్లీమీటరు పెరుగుతుంది. వెంట్రుక మందంలో సగం కూడా లేదు. అయినా తుప్పు చిట్లడానికి ఆ కదలికే చాలు. నట్టు వేడిగా ఉండగా కొవ్వొత్తి మైనం అంటిస్తే కరిగి మరల్లోకి పాకుతుంది. అదీ మంచి ఉపాయమే.

కాని మంట పెట్టే ముందు చుట్టూ ఏముందో చూడాలి. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, రబ్బరు, ఇంతకు ముందే పోసిన నూనె, అన్నీ అంటుకునేవే. జస్తా పూత ఉన్న బోల్టును ఎర్రగా కాలిస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చితే జ్వరం వస్తుంది. ఇది పెద్దల పని. మీరు దూరం నుంచి చూడవలసిందే.

తల గుండ్రమైతే ఆకురాయితో రాసి కొత్త పలకలు తేవచ్చు, ఒక సైజు చిన్న పానా దిగ్గొట్టవచ్చు. నట్టయితే ఉలితో చీల్చవచ్చు. నట్టు పోయినా కొత్తది దొరుకుతుంది కదా! తల లేని స్టడ్డుకు రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పుతారు. రెండూ కలిసి తలలాగా పనిచేస్తాయి.

మెడ తెగితే అసలు కష్టం. కొంచెం ముక్క బయట ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగు చేస్తారు. ఇందులో రెండు లాభాలు. తిప్పడానికి కొత్త తల వచ్చింది, వెల్డింగు వేడికి తుప్పు కూడా చిట్లింది. ముక్క లోపలే ఉంటే నడి మధ్యన గుర్తు కొట్టి, నిటారుగా డ్రిల్లు వేసి, ఎడమ మర ఉన్న సాధనాన్ని దింపి తిప్పాలి. అది విప్పే దిక్కుకు తిరుగుతూనే ముక్కలో బిగుసుకుంటుంది. తెలివైన సాధనమే గాని బాగా గట్టి ఉక్కు, కాబట్టి పెళుసు. అది లోపల విరిగిందంటే దాన్ని మామూలు డ్రిల్లు కొయ్యలేదు. నా ఉద్దేశంలో వెల్డరు అందుబాటులో ఉంటే అతన్ని పిలవడమే నయం.

తిరిగి బిగించేటప్పుడు

బోల్టు తల మీద 8.8 అని అంకెలుంటాయి, చూడండి. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తట్టుకుంటుందని. రెండో 8 అంటే అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగిపోతుందని. ఈ బలం ఉక్కును కాచి చల్లార్చిన పద్ధతి వల్ల వచ్చింది. ఎర్రగా కాల్చి విప్పిన బోల్టులో ఆ బలం ఉండదు. బ్రేకులకు, స్టీరింగుకు అలాంటిదాన్ని తిరిగి వేస్తే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. కొత్తది అదే అంకెలున్నది వెయ్యాలి. పలుచగా గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి. వేళ్లతో ఎక్కనిది పానాతో ఎక్కించకూడదు.

చక్రాల నట్లకు మాత్రం గ్రీజు వద్దు. ఘర్షణ తగ్గి, అదే బలానికి స్టడ్డు మరీ ఎక్కువ సాగుతుంది. వాటిని బండి నేల మీద ఉండగానే వదులు చేసి, తర్వాతే జాకీ ఎత్తాలి. ఒక్క జాకీ ఆధారంతో నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. పట్టేసిన బోల్టును విప్పే గుంజుడుకు జాకీ జారడం ఎంతసేపు?

మీ సైన్సు క్లబ్బులో ఒక ప్రయోగం చెయ్యండి. ఒకే రకం నట్టుబోల్టులు నాలుగు తెచ్చి అన్నింటినీ ఒకే బిగువుకు బిగించండి. ఒకటి పొడిగా గాలిలో, ఒకటి గ్రీజు రాసి ఉప్పునీటిలో, రెండు ఏమీ రాయకుండా ఉప్పునీటిలో ఉంచండి. నీళ్లు రోజంతా ఉంచి మర్నాడంతా తీసేస్తూ నెల రోజులు గడపండి. తర్వాత పానా చివర స్ప్రింగు త్రాసు తగిలించి, ప్రతి బోల్టూ ఎన్ని కిలోల దగ్గర కదిలిందో రాసుకోండి. ఉప్పునీటిలో ఏమీ రాయని రెండింటిలో ఒకదాన్ని మాత్రం ముందురోజు సాయంత్రం కిరసనాయిలు చుక్కలు వేసి ఉంచండి.